కత్తిరించని అంచు

రాతిలోని అక్షరాన్ని కాగితం మీదికి దించిన చెయ్యి ఎవరిదని ఇంతవరకు ఏ పుస్తకమైనా చెప్పిందా? శాసనం వేయించిన రాజు పేరు రాతిలోనే ఉంటుంది. చదివిన పండితుడి పేరు అట్ట మీద ఉంటుంది. మూడో పేరుకు చోటు లేదు.

ఆ మూడో పేరు గల ఆవిడ శాసనమున్న బండ మీది నాచు గీకి, కడిగి, తడి కాగితం పరిచింది. గట్టి వెంట్రుకల బ్రష్షుతో కొడుతున్నకొద్దీ కాగితం ప్రతి గాడిలోకీ దిగుతోంది. కాస్త ఆరాక గుడ్డమూటతో సిరా అద్దితే, గాడిలోకి దిగినంత మేర తెల్లగానూ మిగిలినదంతా నల్లగానూ నిలుస్తుంది. పెళ్ళయిన ఏడాది నుంచి ఇదే పని. పురావస్తు శాఖ ఆఫీసులో అందరికీ ఆవిడ మసి అక్క, మసక్క. గోళ్ళ సందున నలుపు కూతురి పెళ్ళిలో కూడా వదల్లేదు.

రోడ్డు వెడల్పు చేయడానికి ఆ బండను మర్నాడు పేల్చేస్తారు. ఆపమని ఆఫీసు పెట్టిన అర్జీకి జవాబు రాలేదు. రెండు వేల ఏళ్ళ ఎండావానా చేయలేని పనికి ఒక్క సంతకం సరిపోయింది. ఇక ఆ అక్షరాలు మిగిలేది ఈ కాగితం మీదే.

బ్రాహ్మీ లిపి చదవడం ఆవిడకు రాదు. నేర్చుకోవాలని అనుకోనూ లేదు. అక్షరాలు మాత్రం వేళ్ళకు చిరపరిచితాలు: కూడిక గుర్తు, చుక్క పెట్టిన సున్న, రెండు గీతలు ఒకదానికొకటి వాలిన గుడిసె. కూతురు మొదటిసారి ‘గ’ దిద్దిన సాయంత్రం ఆవిడ పలక లాక్కుని దీపం దగ్గర పెట్టి చూసింది. అదే గుడిసె. భుజాలు గుండ్రమయ్యాయి, నెత్తిన తలకట్టు చేరింది, అంతే.

“ఇన్నాళ్ళకి ఇందులో ఎవరో కాపురం పెట్టారే. చూడు, పొగ వస్తోంది,” అంది తలకట్టు చూపించి.

కూతురు ఇప్పటికీ ఫోన్లో ఆ మాట తలచుకుని నవ్వుతుంది.

ఆవిడకు మింగుడుపడనిది ఒక్కటే. సిరా అద్దేటప్పుడు కాగితం జారకుండా ఎడమ బొటనవేలితో కింది మూల అంచు అదిమిపట్టాలి. అక్కడ ముద్ర పడక తప్పదు. అచ్చుకు పంపేముందు, శాసనాలు చదివే పెద్దసారు ఆ అంచు కత్తిరిస్తారు. ఈ ఒక్కదానికైనా ఉంచమని ఆవిడ పొద్దున అడిగింది. చూద్దాంలే అక్కా, అన్నారాయన తల ఎత్తకుండానే.

జీపు డ్రైవరు ఆవిడ భర్తే. నీడలో కూర్చుని ఎప్పటిలాగే ఎత్తిపొడిచాడు.

“ఆ బండని తుడిచినంత ప్రేమగా నా మొహం ఎప్పుడైనా తుడిచావా?”

“నీ మొహాన ఏం రాసుందని తుడవాలి?”

అద్దడం ముగించి, బండ పక్కనే చేరగిలబడింది. ఎడమ చెయ్యి లాగుతోందంది. అతడు నీళ్ళకోసం జీపు వైపు నడిచాడు.

“ఆరాక ఆలస్యం చెయ్యకూడదు. గాలికి లేచిందంటే చిరుగుతుంది,” అంది వెనకనుంచి.

అతడు తిరిగి వచ్చేసరికి కళ్ళు మూసుకుని ఉంది. పిలిచాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. నీళ్ళ సీసా నెమ్మదిగా కింద పెట్టి, ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకుని కూర్చున్నాడు. ఆ వేళ్ళ సిరా ఇంకా తడిగానే ఉంది.

కొంతసేపటికి గాలికి కాగితం పై అంచు టపటపలాడింది. ఏనాడూ ఆ పని ముట్టనివాడు లేచాడు. ఆవిడ చెయ్యి పట్టుకున్న వేళ్ళతోనే, ఆవిడ ఒలిచినట్టే, పై మూల పట్టుకుని కిందికి మెల్లగా ఒలిచాడు. ఎక్కడా చిరగలేదు.

మర్నాడు బండ పేలింది. పెద్దసారు ఆ కాగితాన్ని, అంచు జోలికి పోకుండా సొరుగులో పెట్టారట. ఆ అంచు ఉంచమని రాసిపెట్టడం మాత్రం ఆయనకూ తోచలేదు. ఎప్పుడో అచ్చువేయవలసి వచ్చి, ఆ సొరుగు తెరిచేవారు శాసనాలు చదివే మీలోనే ఒకరు. కింది మూల చిన్నదీ, పై మూల పెద్దదీ, రెండు బొటనవేలి ముద్రలుంటాయి. కత్తెర పక్కన పెట్టండి.