కదులుతున్న మూలకేశం

మైక్రోస్కోపులు బాగుచేసే ఆమెను బడులవాళ్లూ ఆసుపత్రులవాళ్లూ స్క్రూలక్క అనేవాళ్లు. తండ్రి దగ్గర నేర్చుకున్న పని. ముప్పై ఏళ్లుగా అద్దాలు తుడిచింది, చక్రాలకు గ్రీజు పెట్టింది, అరిగిన మరలు మార్చింది. ఆ అద్దాల కింద జనం ఏం చూస్తారో మాత్రం ఏనాడూ పట్టించుకోలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకునేది. సన్నగీతలు చెక్కిన గాజుపలక ఒకటి ఆమె సంచీలో ఉండేది. దాన్ని పెట్టి చూసినప్పుడు గీతలు చెదరకుండా కనిపిస్తే సంచీ సర్దుకుని వెళ్లిపోయేది.

ఒక సోమవారం ఆడపిల్లల బడి నుంచి కబురొస్తే పొద్దున్నే వెళ్లింది. ల్యాబులో అటెండరు బాబాయి ముఖం గంటు పెట్టుకుని గాజు గొట్టాలు కడుగుతున్నాడు. ఎప్పుడొచ్చినా పదిమంది కబుర్లు చెప్పే మనిషి, ఇవాళ తలెత్తి చూడలేదు.

కొత్తగా చేరిన సైన్సు టీచరు వచ్చి సంగతి చెప్పింది. "పిల్లలు ఆవమొలక వేరు మీద నూగులా ఉండే మూలకేశాన్ని కొలిచారక్కా. అందరూ ఒకే కేశాన్నే. కేశం మొదలు కంటిగొట్టంలో కనిపించే కొలబద్ద సున్నా గీత దగ్గర పెట్టి, కొన ఏ గీత దగ్గరుందో చదవమన్నాను. మొదటి పిల్ల పన్నెండు అంది, ఆఖరి పిల్ల ఇరవయ్యారు అంది. మధ్యలోవాళ్లు తలో లెక్క. స్లైడు పెట్టే బల్ల జారిపోతోంది."

"ఎవరైనా కింద పడేశారా?"

టీచరు సింకు వైపు చూసి నీళ్లు నమిలింది. "మొన్న బీరువా మార్చేటప్పుడు... బాబాయిగారిని అడిగాను. లేదంటున్నారు."

"పిల్లలందరి ముందూ అడిగారు," అన్నాడు బాబాయి వెనక్కి తిరగకుండానే. "ఇరవై రెండేళ్లయింది ఇక్కడ. ఒక్క గొట్టం పగలగొట్టలేదు."

గంట కొట్టారు. టీచరు ఇంకో తరగతికి వెళ్లిపోయింది.

స్క్రూలక్క బల్లను విప్పి చూసింది. దాన్ని జరిపే చక్రాల పళ్లన్నీ శుభ్రంగా ఉన్నాయి. మళ్లీ బిగించి తన గీతల పలక పెట్టి అరగంట కూర్చుంది. వెంట్రుకవాసి కూడా జరగలేదు.

"బాబాయ్, ఆ మొలక ఉందా?"

ఆయన మూత పెట్టిన గిన్నెలోంచి ఒక స్లైడు తీసిచ్చాడు. రెండు గాజురేకుల మధ్య నీటిలోనే మొలిపించిన ఆవగింజ. తెల్లటి వేరు, దాని మీద నూగులా కేశాలు. ఆమె ఒక కేశం మొదలును సున్నా మీద పెట్టింది. కొన తొమ్మిది దగ్గర ఉంది. పది నిమిషాలాగి చూస్తే పదమూడు.

అయితే మర జారుతున్నట్టేనా? మళ్లీ కన్నుపెట్టి చూసింది. కేశం మొదలు సున్నా మీదే ఉంది. బల్ల జారితే మొదలూ కొనా రెండూ కలిసి జారాలి కదా. ఒకవేళ నీరు ఆరిపోతూ లాగుతోందేమోనని అంచున ఇంకో చుక్క వేసింది. అయినా కొన ఆగలేదు. కేశం ఒంటికే, కొనకు కాస్త వెనగ్గా ఒక ధూళిరేణువు అంటుకుని ఉంది. అది ఉన్నచోటే ఉంది. కొన మాత్రం దాన్ని వదిలి ముందుకు పోతోంది.

"బాబాయ్, ఇలా రా. ఇది పెరుగుతోంది."

"మొక్కలన్నాక పెరగవా?"

"మనం చూస్తుండగానే పెరుగుతోంది."

ఆయన చేతులు తుడుచుకుని వచ్చి వంగాడు. చాలాసేపు లేవలేదు. "పోయినేడు దాకా రంగు పట్టించిన పాత స్లైడులే చూపించేవాళ్లు," అన్నాడు చివరికి. "అవి చచ్చినవి. ఎన్నిసార్లు కొలిచినా అంతే. ఈ కొత్త టీచరు బతికినవి పెట్టించింది."

ఆ తర్వాత ఆమె వేరు కొన వైపుకు స్లైడును కొంచెం జరిపింది. అక్కడ కణాలు పొడుగ్గా, ఇటుకల వరుసల్లా, నున్నగా ఉన్నాయి. ఒక కణం మీద చిన్న ఉబ్బు ఉంది, చెమటకాయంత. కణం నడుమ కాదు, వేరు కొనకు దగ్గరగా ఉన్న చివర. ఆ పూట ఒక డాక్టరుగారి దగ్గరికి వెళ్లాల్సిన పని ఆమె మరిచిపోయింది. అరగంటలో ఆ ఉబ్బు నిక్కింది, ఇంకో అరగంటకి సన్నటి వేలులా సాగింది. కేశం విడిగా పుట్టిన వస్తువు కాదు. ఆ కణమే తన గోడను ముందుకు తోసుకుంటూ చెయ్యి చాస్తోంది.

మధ్యాహ్నం విరామంలో టీచరు వచ్చింది. స్క్రూలక్క లేచి కుర్చీ ఇచ్చింది. "మరలో తప్పు లేదమ్మా. మీరే చూడండి."

టీచరు చూసింది. గడియారం చూసుకుని మళ్లీ చూసింది. "పెరుగుతాయని తెలుసు. రోజుల లెక్కన అనుకున్నాను గానీ నిమిషాల లెక్కన అనుకోలేదు," అంది. తల కొట్టేసినట్టయిందామెకి. లేచి సింకు దగ్గరికి వెళ్లింది. "బాబాయిగారూ, తప్పు నాది. రేపు పిల్లలందరి ముందూ ఈ మాట చెబుతాను."

"రేపటి సంగతి రేపు, భోజనం చెయ్యండి ముందు," అన్నాడాయన. కానీ చేతిలోని గొట్టాన్ని అవసరానికి మించి రుద్దుతున్నాడు.

"ఒక సందేహం," అంది స్క్రూలక్క. "కేశానికి అంటుకున్న రేణువు కదల్లేదు, కొన కదిలింది. అంటే కొన దగ్గరే పెరుగుతుందా?"

"అవును. గోడ అక్కడే మెత్తగా ఉంటుంది. కొత్త సరుకంతా అక్కడికే చేరుతుంది."

"మరి కొన్ని వరుసలకి కేశాలున్నాయి, పక్క వరుసలు బోడిగా ఉన్నాయి. ఎందుకలా?"

టీచరు బీరువాలోంచి లావుపాటి పుస్తకం తీసింది. నిలబడే పేజీలు తిప్పింది. "ఈ జాతి మొక్కల్లో, లోపలి పొరలోని రెండు కణాల సందు మీద కూర్చున్న పైపొర కణానికే కేశం వస్తుందట. ఒక్క కణం మీదే కూర్చుంటే రాదట."

"అంటే ఎక్కడ కూర్చుందో దానిబట్టే?"

"అలాగే రాసుంది."

"చూడొచ్చా?"

"వేరును అడ్డంగా, కాగితం కంటే పల్చగా కోయాలక్కా. నా చేత కాదు."

స్క్రూలక్క సంచీలోంచి కొత్త బ్లేడు తీసింది. బాబాయి ఇంకో మొలక తెచ్చి పెట్టాడు. మొదటి ముక్క మందంగా వచ్చింది, ఏమీ కనిపించలేదు. రెండోది నలిగిపోయింది.

"కానియ్, అమ్మాయ్," అన్నాడు బాబాయి, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ. "గిన్నెనిండా మొలకలున్నాయి."

ఆమె ఊపిరి బిగబట్టి మూడో ముక్క కోసింది.