లయ తప్పని శవం

శవాలన్నీ ఒకేసారి ఎడమ కాలు ముందుకు వేశాయి.

శవాల నడక నేర్పే మాస్టర్ తల పట్టుకున్నాడు. ఆపమని చెయ్యెత్తాడు. శవాలన్నీ ఒకేసారి ఆగాయి. అది ఇంకా ఘోరంగా ఉంది.

"అమ్మా, మీరంతా చచ్చిపోయారు," అన్నాడు ఓపిగ్గా. "మీకు లెక్క ఎవరు వేస్తున్నారు?"

ఎవరూ వేయడం లేదు. చిక్కల్లా అదే. జాంబీల సినిమా కోసం తెచ్చిన ఆ గుంపంతా పాటల్లో హీరోయిన్ వెనక ఆడే డాన్సర్లు. పాట లేకపోయినా వాళ్ల ఒంట్లో ఒకటీ రెండూ మూడూ నడుస్తూనే ఉంటుంది.

అందరికన్నా ఎక్కువ చీవాట్లు పెద్దక్కకు పడ్డాయి. గుంపులో వయసుకు పెద్దది కాబట్టి ఆ పేరు. చెయ్యి వేలాడేయమంటే వేళ్ల చివర వయ్యారం వచ్చేది. తల వాల్చమంటే సిగ్గుపడినట్టు ఉండేది. శవాన్ని అడిగితే పెళ్లికూతుర్ని పంపారని మాస్టర్ అనేసరికి అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది గానీ వేళ్లు పిడికిట్లో దాచుకుంది.

మోకాలు అరిగాక పాటల్లో ఆమెను ఒక్కో వరసే వెనక్కి నెడుతూ వచ్చారు. ఇక మీదట పాటలకు పిలవనని మేనేజర్ మర్యాదగానే చెప్పేశాడు. మిగిలింది ఈ సినిమా ఒక్కటే. తలుపు బద్దలు కొట్టుకుని హీరోయిన్ మీదికొచ్చే మొదటి శవం ఎవరో మర్నాడు తేలుతుంది. ఆ వేషం దక్కితే ఈ పని తెలిసిన మనిషిగా ఇంకో చోటా పిలుస్తారు. దక్కకపోతే ఇంట్లో కూర్చోవడమే.

సాయంత్రం అద్దం ముందు సాధన మొదలుపెట్టింది. ఆ అద్దంలో అందంగా కనిపించడం ఆమెకు ఏళ్లనాటి అలవాటు. జాంబీ కూడా అందంగానే వచ్చింది. విసుగెత్తి అద్దం మీద దుప్పటి కప్పేసింది.

పొద్దున్న వంటింట్లో కాఫీ కలుపుతుంటే మొగుడు లేచొచ్చాడు. బస్సు డ్రైవరు. రోడ్డు మీద ఎంత చురుకో ఇంట్లో అంత మొద్దు. కళ్లింకా తెరవలేదు. ముందు ముక్కు బయల్దేరింది. కాళ్లు దాని వెనకాల ఈడ్చుకుంటూ వచ్చాయి. భుజం గుమ్మానికి కొట్టుకుంది. ఉలిక్కిపడలేదు, పక్కకు జరగలేదు. గుమ్మాన్ని ఒరుసుకుంటూనే లోపలికొచ్చాడు. రాత్రంతా ఒంటి కింద నలిగిన చెయ్యి ఇంకా నలిగినట్టే ఉంది.

పెద్దక్క గ్లాసు పట్టుకుని వెనక్కి నడిచింది. అతను కళ్లు మూసుకునే వెంటబడ్డాడు. కుర్చీ అడ్డం వస్తే కుర్చీతో సహా వచ్చాడు.

"ఏవండీ, మళ్లీ మంచం దగ్గర్నుంచి రండి."

అతను ఒక కన్ను తెరిచాడు. "కాఫీ ఇస్తావా, కరవమంటావా?"

ఆమె గ్లాసు ఇచ్చేసింది. సంగతి అర్థమైంది. ఏది తగిలినా డాన్సరు సర్దుకుంటుంది. శవం సర్దుకోదు. దానికి కావలసింది ఒక్కటే. మిగతా ఒళ్లు ఏమైపోయినా దానికి పట్టదు.

మధ్యాహ్నం గోదాములో పరీక్ష పెట్టారు. అటు చివర గోడ దగ్గర హీరోయిన్ బదులు ఒక అసిస్టెంటు అమ్మాయి నిలబడింది. ఇటు చివర నుంచి మాస్టర్ గుంపు మొత్తాన్ని వదిలాడు. పెద్దక్క పక్కన పిచ్చుక. సన్నగా ఉంటుందని ఆ పేరు. ఎన్నో పాటల్లో ఇద్దరివీ పక్కపక్క చోట్లే.

సగం దూరంలో పిచ్చుక కాలికి లైటు కేబుల్ చుట్టుకుంది. బోర్లా పడింది.

డాన్సర్లకు ఒక కట్టుబాటుంది. పక్కమనిషి పడితే ఆ ఖాళీ కెమెరాకు కనిపించకూడదు. అటూ ఇటూ ఉన్నవాళ్లు జరిగి కప్పేయాలి. పడిన మనిషి పరువు అలా దక్కుతుంది. ఇది ఆలోచించి చేసే పని కాదు, ఒళ్లే చేసేస్తుంది. వరసంతా చప్పుడు లేకుండా సగం అడుగు జరిగింది. శవాలు కాస్తా మళ్లీ డాన్సర్లయిపోయాయి.

పెద్దక్క నడుము కూడా అటు తిరగబోయింది. ఆమె చూపు మాత్రం అసిస్టెంటు గొంతు మీద నుంచి కదల్లేదు. పిచ్చుక చెయ్యి దారికి అడ్డంగా ఉంది. పెద్దక్క దాటలేదు, తప్పుకోలేదు. పాదం ఆ వేళ్ల మీదుగా ఈడ్చుకుపోయింది. కింద నుంచి సన్నగా మూలుగు వినిపించింది. పెద్దక్క ఆగలేదు. దగ్గరికొచ్చేసరికి అసిస్టెంటు నిజంగానే గోడకు అతుక్కుపోయింది.

మాస్టర్ గుంపును ఆపమని చెయ్యెత్తాడు. తర్వాత, "తలుపు వేషం మీదేనమ్మా," అన్నాడు.

పెద్దక్క వెనక్కి వచ్చేసరికి పిచ్చుక నేల మీదే కూర్చుని వేళ్లు ఊదుకుంటోంది.

"తొక్కావక్కా."

"తొక్కాను. వేళ్లు ఆడుతున్నాయా?"

"ఆడుతున్నాయిలే." పిచ్చుక తల ఎత్తలేదు. "అదే పాటలో అయితే నన్ను కప్పేదానివి."

"కప్పేదాన్ని."

"ఇక నీకు పాటలు లేవుగా."

పెద్దక్క మోకాలు పట్టుకుని మెల్లగా పక్కన కూలబడింది. ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఒక్కో వేలూ నిమరసాగింది. తలుపు సీను వేషానికి కొలతలివ్వడానికి రమ్మని మాస్టర్ పిలిచాడు. రెండోసారి పిలిచేదాకా ఆమె లేవలేదు.