తొమ్మిదో నిబంధన

ఎనభై కుర్చీలు వేశాక ఎర్మెలిండా నడుం మీద చేతులు పెట్టుకుని ఒక్క నిమిషం ఆగింది. ఇంకా నలభై వెయ్యాలి. రాత్రంతా కురిసిన వానకు ఆటస్థలం మీది రేకుల కప్పు ఇప్పటికీ కారుతోంది. చుక్క ఎక్కడెక్కడ పడుతుందో ఆమెకు తెలుసు. ఆ చోట్లు వదిలేసి, మిగతా వరసల్ని నేల మీది తెల్లగీత వెంబడి సర్దుతోంది. కుర్చీ కాలు గీత దాటితే మోకాలితో వెనక్కి నెడుతోంది.

"దోన్యా ఎర్మే, దారం కట్టి వేస్తున్నారా ఏంటి?" అన్నాడు చీపురుతో నీళ్లు తోస్తున్న బడి పనివాడు ఫిదెన్సియో. "వచ్చేది తల్లులూ తండ్రులూనూ. కూర్చుని పోతారు. కవాతు చేయరు."

"నువ్వా నీళ్లు సరిగ్గా తొయ్యి బాబూ. పోయినేడు జారిపడ్డ ముసలాయన నిన్ను తిట్టిన తిట్లు నేనింకా మర్చిపోలేదు."

ఫిదెన్సియో నవ్వుకుని చీపురు విదిలించాడు.

ఆమెకు అరవై ఒకటి, బడిలో పెద్దలంతా గౌరవంగా దోన్యా అని పిలిచే వయసు. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు. నెరిసిన జడను తలచుట్టూ తిప్పి, ఒక్క వెంట్రుక కూడా లేవకుండా పిన్నులు గుచ్చుతుంది. ఎడమ మోకాలు వానాకాలంలో వాస్తుంది. అయినా గేటు దగ్గర ఇరవై నాలుగేళ్లుగా నిలబడే ఉంది. ఆరో తరగతి దాటిన పిల్లలు మూడేళ్లు చదివే బడి అది. కొండల్లోని పదకొండు ఊళ్లకీ అదొక్కటే. పొద్దున ఆరుంబావుకి గేటు తియ్యడం, ఏడూ పదికి మూయడం, మధ్యలో వచ్చిన ప్రతి పిల్లనీ పిల్లాణ్ణీ తలనుంచి కాళ్లదాకా చూడడం ఆమె పని. జుట్టు, కాలరు, గౌను అంచు, మేజోళ్లు, బూట్లు. నచ్చకపోతే ఒక్క మాటే అనేది: "ఇంటికి." పిల్లలు చాటుగా ఆమెను గడియ అని పిలుస్తారని ఆమెకు తెలుసు. తెలిసి కొంత సంతోషపడేది కూడా.

భర్త కాఫీబస్తాల లారీతో లోయలో పడి చనిపోయేనాటికి ఆమె వయసు ముప్ఫై ఏడు. పిల్లల్లేరు. అప్పటి ప్రిన్సిపాల్ జాలిపడి ఈ ఉద్యోగం ఇప్పించాడు. "గేటే బడికి ముఖం, ఎర్మెలిండా. ముఖం శుభ్రంగా ఉండాలి" అన్నాడు. ఆమె ఆ మాటను దేవుడి మాటలా పట్టుకుంది.

తొమ్మిదిన్నరకల్లా జనం రావడం మొదలైంది. చంకలో పసివాళ్లతో తల్లులు, చేతిలో టోపీలు పట్టుకున్న తండ్రులు, ఒకరిద్దరు నాయనమ్మలు. కొత్తగా ఏడో తరగతిలో చేరబోయే పిల్లలు తల్లుల భుజాలకు అంటుకుని కూర్చున్నారు. సోమవారం నుంచి బడి. ఏటా దానికి ముందు శుక్రవారం, కుటుంబాలు తెలుసుకోవలసినవన్నీ చదివి వినిపిస్తారు. చివర్లో ఒక కాగితం మీద సంతకం చేయిస్తారు.

ప్రిన్సిపాల్ నోయెమీ ఆర్సినేగా జూన్‌లోనే వచ్చింది. ముప్ఫై ఆరేళ్ల మనిషి. మైకు పట్టుకుని నెమ్మదిగా చెప్పింది. టీకాల కార్డు సోమవారమే తేవాలి. ఇక ఒకే టీచరు ఉండదు, పాఠానికో టీచరు వస్తారు, పిల్లలు మొదటి నెల తికమకపడతారు, ఇంటికొచ్చి ఏడిస్తే భయపడకండి. ఇంటిపని మీరు చేసిపెట్టకండి. రాకపోతే ఏడింటిలోపు కబురు చెయ్యండి.

"మేడం, మా వాడు ఏడవడు గానీ అసలు నోరే విప్పడు. దానికేం చెయ్యాలి?" అని ఒక తండ్రి అడిగాడు.

"మీ పక్కింటివాళ్లు అదృష్టవంతులయ్యా, మాది నోరే మూయదు" అంది వెనకనుంచి ఎవరో. అందరూ నవ్వారు.

"ఇక క్రమశిక్షణ నిబంధనలు మన దోన్యా ఎర్మే చదువుతారు" అని ప్రిన్సిపాల్ మైకు అందించింది.

ఎర్మెలిండా ఎదురుచూసే క్షణం ఏడాదిలో ఇదొక్కటే. చేతిలో కాగితం ఉంది, కాని ఆమె దాన్ని ఎన్నడూ చూడదు. ఇరవై రెండేళ్లుగా నోటికి వచ్చిన పాఠం. ఒకటి నుంచి ఎనిమిది దాకా తడబడకుండా చెప్పుకుపోయింది. తర్వాత గొంతు కాస్త పెంచింది. ఎప్పుడూ అక్కడ పెంచుతుంది.

"తొమ్మిది. బూట్లు నల్లవి, తోలువి, తాళ్లు కట్టేవి మాత్రమే. వేరే రంగు బూట్లతో వచ్చిన విద్యార్థిని గేటు నుంచే వెనక్కి..."

"దోన్యా ఎర్మే." ప్రిన్సిపాల్ పక్కనుంచి మెల్లగా అంది. మైకు ఆ మెల్లని మాటని కూడా పట్టుకుని రేకుల కప్పు కిందంతా వినిపించింది. "అది పాతది. కాగితంలో చూసి చదవండి, సరేనా?"

ముందు వరసలో ఒకావిడ కిసుక్కుమంది. ఎర్మెలిండా చెవులు వేడెక్కాయి. కళ్లజోడు తీసి పెట్టుకుంది. తొమ్మిదో నంబరు వెతుక్కోవడానికి వేలు కాగితం మీద పాకింది. బడికి వచ్చిన మొదటిరోజు పిల్లలా అక్షరం అక్షరం చదివింది.

"తొమ్మిది. బూట్లు, బట్టలు, జుట్టు... ఈ కారణాల వల్ల ఏ విద్యార్థినీ... గేటు నుంచి వెనక్కి పంపరాదు. లోపలికి రానిచ్చి, తర్వాత కుటుంబంతో మాట్లాడాలి."

ఐదో వరసలో ఒక చెయ్యి లేచింది. ఎత్తైన చెంప ఎముకలు, బిగించి కట్టిన జుట్టు, మొక్కజొన్న పిండి మరకలున్న ఏప్రన్ ఇంకా విప్పని ఒక యువతి. పక్కన పన్నెండేళ్ల కూతురు.

"ఒక్క మాట అడగనా అమ్మా? ఈ రూలు ఎప్పట్నించి?"

"ఈ ఏటి నుంచి" అంది ఎర్మెలిండా.

"అయితే పందొమ్మిదేళ్లు లేటైందన్నమాట."

కొందరు అది హాస్యమనుకుని నవ్వారు. ఆ యువతి నవ్వలేదు, కూర్చుంది. కూతురు తలవంచుకుని తల్లి ఏప్రన్ అంచు వేలికి చుట్టుకుంటోంది.

ఎర్మెలిండా మిగతా నిబంధనలు చదివింది. ఏం చదివిందో ఆమెకు తెలియదు. మనిషి ముఖం గుర్తురాలేదు గానీ ఆ పందొమ్మిదేళ్ల లెక్కతో పేరు గుర్తొచ్చింది. ఓతీలియా. పై ఊరినుంచి రెండు గంటలు నడిచి వచ్చే పిల్ల.

ఆ ఏడు బడి తెరిచిన రెండోరోజు గోధుమరంగు బూట్లతో వచ్చింది. ఎవరో పెద్దమ్మాయి తొడిగి వదిలేసినవి. "ఇంటికి" అంది ఎర్మెలిండా. పిల్ల ఏమీ అనకుండా వెనక్కి తిరిగింది. మర్నాడు అవే బూట్లు నల్లగా మెరుస్తూ వచ్చాయి. దారంతా వాన. గేటు దగ్గరికొచ్చేసరికి నలుపు కారి మేజోళ్లకూ కాళ్లకూ పాకింది, కింద గోధుమరంగు మచ్చలు మచ్చలుగా బయటపడింది. వెనక నలభైమంది వరసలో ఉన్నారు. ఆ రోజు ఎర్మెలిండా "ఇంటికి" అని ఊరుకోలేదు. పిల్ల కాలివైపు వేలు చూపించి, "అందరూ చూడండి, గాడిదకి రంగేసి గుర్రం అంటోంది" అంది. వరస మొత్తం నవ్వింది. ఆ నవ్వు తనకు ఎంత తియ్యగా ఉండిందో కూడా ఆమెకు గుర్తుంది. అది మాత్రం ఏ పాదిరీకీ చెప్పుకోలేదు. ఆ పిల్ల మళ్లీ రాలేదు. హాజరుపట్టీలో ఆ పేరు మీద ఎవరో గీత గీశారు. ఎర్మెలిండా తనకు తాను చెప్పుకుంది: రూలు రూలే. కాని తను చదువుకున్న ఆరు తరగతులూ ఉత్త కాళ్లతోనే చదివింది. ఆ సంగతి ఈ బడిలో ఎవరికీ తెలియదు, తెలియనివ్వలేదు.

సమావేశం అయిపోయింది. కాగితాల మీద సంతకాలు పెట్టడానికి జనం బల్ల చుట్టూ మూగారు. ఓతీలియా ఒక స్తంభం పక్కన నిలబడి ఉంది. ఆమె చేతిలోని కాగితం మీద ఇంకా సంతకం లేదు.

ఎర్మెలిండా వెళ్లి ఎదురుగా నిలబడింది.

"ఓతీలియావి కదూ?"

"పేరు తెలుసా మీకు? ఆ రోజు గాడిదన్నారుగా, తెలీదేమో అనుకున్నా."

"తప్పు చేశాను తల్లీ."

"నాకు చెప్పి ఏం లాభం?" ఓతీలియా గొంతు పెంచలేదు. "మా అమ్మకి చెప్పండి. ఆ రాత్రి బొగ్గూ కొవ్వూ కలిపి చేత్తో రుద్ది రుద్ది పూసింది. నేను ఏడుస్తూ ఇంటికొస్తే ఏమందో తెలుసా? సరిగ్గా ఆరబెట్టలేదమ్మా, నాదే తప్పు అంది. చచ్చేదాకా అదే మాట. పోయి ఏడేళ్లయింది. వెళ్లి చెప్పిరండి."

ఎర్మెలిండా తల దించుకుంది. పక్కన నిలబడ్డ అమ్మాయి కాళ్లవైపు చూడకుండా ఉండాలని ఎంత ప్రయత్నించినా చూపు అటే పోయింది. ఆ అమ్మాయి అది గమనించి ఒక పాదం మరో పాదం వెనక్కి లాక్కుంది. ఎర్మెలిండా కళ్లు మూసుకుంది.

"దీని పేరు యురిదియా" అంది ఓతీలియా. "లెక్కల్లో మొదటిది. చేరతానంటుంది, మళ్లీ వద్దంటుంది. ఇంట్లో ఈ కథ విని విని పెరిగింది, నాదే బుద్ధి తక్కువ. మీ క్షమాపణ నాకెందుకు గానీ, ఒక్కటి చెప్పండి. సోమవారం పొద్దున గేటు దగ్గర మీరుంటారా?"

ఆ ప్రశ్నలో కోపం లేదు. సంతలో ధర అడిగినట్టు అడిగింది, తెలుసుకోవడానికే.

ఇకనుంచి అందర్నీ లోపలికి రానిస్తానని ఎర్మెలిండా చెప్పవచ్చు. నేను మారానని చెప్పవచ్చు. అమ్మాయి వైపు చూసింది. ఆ అమ్మాయి ఎర్మెలిండా ముఖాన్ని కాదు, ఆమె చూపుడువేలిని చూస్తోంది.

"ఉండను" అంది.

ఓతీలియా కాగితాన్ని స్తంభానికి ఆనించి సంతకం పెట్టింది. ఒక్కో అక్షరం విడివిడిగా, గట్టిగా నొక్కి రాసింది. బల్ల మీద పెట్టి, కూతురి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. వీడ్కోలు చెప్పలేదు.

ఆఫీసుగదిలో నోయెమీ ఆర్సినేగా కుర్చీలోంచి సగం లేచింది. "దోన్యా ఎర్మే, అందరి ముందూ సరిదిద్దినందుకు నొచ్చుకున్నారా? నాదే పొరపాటు. ముందే చెప్పాల్సింది."

"మీ పొరపాటేం లేదు మేడం. పింఛను కాగితాలు రెండేళ్లుగా బీరువాలో ఉన్నాయి. ఇవాళ సంతకం పెడతాను."

"డిసెంబరుదాకా ఉంటానన్నారుగా? సోమవారం రెండొందలమంది పిల్లలొస్తారు. మీకు తెలిసినట్టు ఆ గేటు ఎవరికి తెలుసు?"

"అదే మేడం నా బాధ" అంది ఎర్మెలిండా.

ప్రిన్సిపాల్‌కు అర్థం కాలేదు. జరిగింది చెబుదామని ఎర్మెలిండా నోరు తెరిచింది. బూట్ల సంగతి చెప్పగలిగింది, వాన సంగతి చెప్పగలిగింది. గాడిద మాట దగ్గర ఆగిపోయింది. "మోకాలు నొప్పి" అంది చివరికి, అబద్ధమాడుతున్నందుకు మళ్లీ సిగ్గుపడుతూ. సంతకం పెట్టి, బీరువా తాళంచెవి ఇచ్చేసింది.

కుర్చీలు ఎత్తడానికి వెళితే ఫిదెన్సియో అప్పటికే సగం ఎత్తేశాడు. "పొండి దోన్యా ఎర్మే, ఇవాల్టికి చాలు. సోమవారం మీకెటూ యుద్ధమే" అన్నాడు. ఆమె అతని భుజం ఒకసారి తట్టింది. ఆమె అలా తట్టడం ఎన్నడూ ఎరగని ఫిదెన్సియో కుర్చీ పట్టుకుని అలాగే చూస్తూ నిలబడ్డాడు.

గేటు రెండు రెక్కలూ బార్లా తీసి ఉన్నాయి. అలవాటుగా మూయబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, రోడ్డు దాటింది. సందు చివర ఎక్కడో పిల్లలు బంతి ఆడుతున్న అరుపులు. ఊళ్ల మధ్య తిరిగే వ్యాను వచ్చింది. డ్రైవరు, "ఏంటి ఈ టైంలో? ఒంట్లో బాగోలేదా?" అని అడిగాడు. బాగానే ఉందంది. కిటికీ పక్కన కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, కుడిచేతి చూపుడువేలిని ఎడమచేత్తో మూసి పట్టుకుంది.

వ్యాను కదలగానే తుంపర మొదలైంది. అప్పుడు చూసింది. తన గొడుగు గేటు కమ్మీకి తగిలించే ఉంది, పొద్దున ఆరబెట్టినట్టే సగం విచ్చుకుని. చినుకులు దాని నల్లగుడ్డ మీద పడి, ఒక్కో ఊచ కొననుంచి, తెరిచి ఉన్న గేటు లోపలికి జారుతున్నాయి.