పట్టపగలు పెట్టిన గడియ

ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో పట్టపగలు ఎవరూ తలుపు మూయరు. మూశారంటే ఆ ఇంట్లో చావైనా అయ్యుండాలి, మొగుడూ పెళ్లాం తన్నుకునైనా ఉండాలి. ఈ సంగతి కళ్యాణికి తెలియక కాదు. తెలిసే ఆ మధ్యాహ్నం ముందు గదికి గడియ పెట్టింది. పెట్టక ఏం చేస్తుంది? గదిలో ఇంకో మనిషి కనబడినా, గొంతు వినబడినా మూడోసారికి పరీక్ష ఆగిపోతుందని ల్యాప్‌టాప్ తెర మీద ఎర్రగా రాసి ఉంది.

పాసైతే టౌన్లో ఆడవాళ్లకి ఉచితంగా నేర్పే కోడింగ్ క్లాసులో సీటు. లేకపోతే ఈ నాలుగు గోడలే. ఇంటర్ మొదటి ఏడాదిలో చేతిలో పుస్తకం లాక్కుని మెడలో పుస్తె కట్టించారు. ఆ కడుపుమంట ఇంకా ఆరలేదు.

పొద్దున్నే మొగుడు హరిబాబుకి చెప్పింది. "బావా, మద్దేనం మీ అమ్మ పాపనట్టుకుని జెనీ వాళ్లింటికాడ ఉండాల. నానొక్కర్తినే ఉండాల. నువ్వే సెప్పు." తను చెబితే అత్త పోలమ్మ వంద ప్రశ్నలేస్తుంది, కొడుకు చెబితే వేదం. "అలాగేలే" అని అతను వర్క్‌షాపుకి సైకిలెక్కాడు. మధ్యాహ్నం అత్త పాపనెత్తుకుని బయటికెళ్తే, చెప్పే ఉంటాడనుకుంది.

ప్రశ్న చూడ్డానికి తేలిగ్గానే ఉంది. కొన్ని ఇంగ్లీషు మాటలిచ్చారు. అవే అక్షరాలు అటూ ఇటూ మారిన మాటల్ని ఒక కుప్పగా పెట్టాలి. స్టాప్ (stop), పాట్స్ (pots), స్పాట్ (spot) ఒక కుప్ప. రైల్ (rail), లయర్ (liar) ఇంకో కుప్ప. కళ్యాణి ప్రతి మాటనీ మిగతా అన్ని మాటలతోనూ పోల్చేలా రాసింది. పది మాటలకి బాగానే పనిచేసింది. వేల మాటలు ఇచ్చేసరికి 'సమయం మించిపోయింది' అని తెర మొరాయించింది.

"నీ సమయం మండ!" అని లోలోపలే పళ్లు కొరికింది.

అప్పుడే తలుపు దబదబా మోగింది.

"ఒసే కల్యాణీ! తలుపెందుకేసినావే? ఏటైందే?" పోలమ్మ గొంతు. చంకలో పాప ఏడుపు.

తెర మీద మొదటి హెచ్చరిక.

బదులిస్తే ఇంకో హెచ్చరిక వస్తుందని కళ్యాణి పలకలేదు. అదే కొంప ముంచింది.

"ఓలమ్మో, పలకట్నేదర్రా! కూరలో ఉప్పెక్కువైందన్నాను, దానికే ఏటైనా సేసేసుకుందేటో!" అని పోలమ్మ రాగం ఎత్తుకుంది.

క్వార్టర్ల లైనంతా కదిలొచ్చింది. పక్క క్వార్టర్ జెనీ "ఏటైంది పిన్నీ?" అంది. ఎదురింటి బెంగాలీ ఆవిడ అదే మాట తన భాషలో "కీ హోలో?" అంది. వచ్చినవాళ్లు వచ్చినట్టు, అప్పటికే నిలబడ్డ ప్రతివాళ్లనీ వరసపెట్టి అడుగుతున్నారు. ఒక్కరికీ తెలీదు. అయినా అడుగుతున్నారు.

రెండో హెచ్చరిక.

కళ్యాణికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఏం మనుషులు! ఒక్కొక్కరూ ఊరందర్నీ అడగాలా?

అనుకుంటూనే ఆగిపోయింది. తన ప్రోగ్రామ్ చేస్తున్నదీ అదే. కొత్త మాట వచ్చినప్పుడల్లా పాత మాటలన్నిటి గుమ్మాలూ ఎక్కి దిగుతోంది. క్వార్టర్ నంబరు చేతిలో ఉంటే పోస్టుమ్యాన్ ఇల్లిల్లూ అడుగుతాడా? మాటలోని అక్షరాల్ని ఏబీసీడీల వరసలో పేరిస్తే అదే దాని నంబరు. రైల్‌ని పేర్చినా లయర్‌ని పేర్చినా వచ్చేది ఒకటే. నంబరు వేసిన గదుల్లాంటి హాష్ మ్యాప్‌లో ఆ నంబరు గది ఉంటే అందులో పడెయ్యి, లేకపోతే కొత్త గది తెరువు. ఎవర్నీ అడగక్కర్లేదు!

కానీ రాయనిస్తేగా. విసురుగా లేచి, తలుపు తీసి, బయటికొచ్చి వెనకాలే దగ్గరగా లాగింది.

"బతికే ఉన్నాను. పరీచ్చ రాస్తన్నాను" అంది, గొంతు తగ్గించి. "ఇంకొక్క గొంతు లోపలికి ఇనపడితే నా సీటు పోద్ది."

"నీకిప్పుడు పరీచ్చేటే? గుంటకి ఆకలేస్తంది..."

"నీ కొడుకు సెప్పనేదా అత్తా?"

"ఆడేటీ సెప్పనేదే!"

పాప తల్లి వైపు చేతులు చాచింది. ఎత్తుకుంటే మళ్లీ దించలేనని కళ్యాణికి తెలుసు. మొహం తిప్పుకుని లోపలికెళ్లి గడియ పెట్టింది. కళ్లలో నీళ్లు. కోపానికో, దేనికో.

బయట ఒక్క మాట లేదు. పాప ఏడుపు వీధి చివరికి దూరమైంది. కళ్యాణి వేళ్లు కీబోర్డుని కొట్టినట్టే కొట్టాయి. ఒకచోట తప్పు చూపింది, దిద్దింది. మళ్లీ నడిపింది. వేల మాటలూ కళ్లు మూసి తెరిచేలోగా ఎవరి కుప్పలోకి అవి చేరిపోయాయి. తెర పచ్చబడింది. ఎంపికయ్యావనీ, సోమవారం నుంచి మధ్యాహ్నం పూట క్లాసులనీ అందులో రాసి ఉంది.

తలుపు తీసింది. లైనంతా మెట్ల మీద నోళ్లు నొక్కుకుని కూర్చుంది.

"మాటాడొచ్చా?" అని ఒళ్లో నిద్రపోయిన పాపని జోకొడుతూ గుసగుసగా అడిగింది పోలమ్మ.

డ్యూటీ దిగిన హరిబాబు సైకిల్ అప్పుడే వచ్చి ఆగింది. "ఏటర్రా, ఇంతమంది ఉన్నారు?"

"సోమారం నుంచి మద్దేనాలు నాను క్లాసుకెల్తాను" అంది కళ్యాణి. "పాపనెవరు సూస్తారో ఈల్లందరెదురుగా ఇప్పుడే సెప్పు."

హరిబాబు తల్లి మొహం చూశాడు.

"అటు సూడకు బావా. అడిగింది నిన్ను."