కిటికీ వైపు తిప్పిన మంచం

మా అక్క బస్సు కండక్టరుగా చేసింది. ఉద్యోగం మానేసి చాలా కాలమైనా, ఇంట్లో ఎవరైనా గుమ్మానికి అడ్డంగా నిలబడితే "లోపలికి జరగండి, లోపలికి" అనేది. నేను బడిలో పాఠాలు చెబుతాను. అమ్మ పోయాక నన్ను చదివించింది అక్కే. ఊపిరితిత్తులు పాడై ఆసుపత్రిలో చేరేనాటికి తనకు నేను, నాకు తను.

వార్డులో మంచాలన్నీ ఎదురెదురు గోడలకు తల ఆనించి రెండు వరసల్లో ఉండేవి. కిటికీలూ ఆ గోడలకే. రోగికి వెలుతురు తల వెనక, కళ్ళెదుట అవతలి వరసలోని వాళ్ళ పాదాలు. డాక్టర్లు చకచకా చూసుకుంటూ పోవడానికి ఆ ఏర్పాటు బాగుండేది.

అక్కడ ఒక నర్సు పరిశోధన చేస్తోంది. డ్యూటీ ఎక్కగానే స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చునేది. నాడి చూడకముందే "ఈరోజు మీకేం కావాలి?" అని అడిగేది. చేయగలిగితే చేసేది. చేయలేకపోతే ఆ మాటే చెప్పేది. ఇలా అడిగి సేవ చేస్తే రోగి నొప్పిలో, భయంలో, నిద్రలో తేడా ఉంటుందా అన్నది ఆమె తేల్చుకోవాలనుకున్న విషయం.

మొదటిరోజు అక్క ఆమెను ఎగాదిగా చూసింది.

"ఏది అడిగినా ఇస్తావా పిల్లా?"

"అడిగి చూడండి పెద్దమ్మా."

"అయితే కొత్త ఊపిరితిత్తులు ఒక జత."

"స్టాకు లేదు."

అక్క నవ్వింది. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గేదాకా ఆ పిల్ల లేవలేదు.

"సరే, కిటికీ సీటియ్యి" అంది అక్క. "సర్వీసంతా నిలబడే తిరిగాను. ఇప్పుడైనా తీరిగ్గా రోడ్డు చూస్తాను."

నర్సు మంచం చక్రాల బ్రేకు తీసి తల ఇటు, కాళ్ళు అటు వచ్చేలా తిప్పేసింది. ఆక్సిజన్ పైపు గోడ నుంచి చాలలేదు. పొడుగు పైపు తెచ్చి మంచం కమ్మీ వెంట గాజుగుడ్డతో కట్టింది. వీపుకు దిళ్ళు ఎత్తు పెట్టింది. ఎదురుగా రోడ్డు, బస్‌స్టాపు.

"చూడరా తమ్ముడూ, స్టాపు దాటించి ఆపాడు దరిద్రుడు! ఆ ముసలాయన పరిగెత్తాలా ఇప్పుడు?"

జబ్బు తగ్గిందని నేను అనను, తగ్గలేదు. ఊపిరాడనప్పుడు నా చెయ్యి రక్కేసే భయం మాత్రం తగ్గింది. అక్క మళ్ళీ జనాన్ని తిట్టడం మొదలుపెట్టింది.

హెడ్ నర్సు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఈ మంచం తలకిందులుగా ఏమిటి?"

"మంచం బాగానే ఉందమ్మా. మీరే అటు నుంచి వచ్చారు" అంది అక్క.

"తనిఖీ ఉంది. వరసలో పెట్టాలి. తిప్పేయండి."

అక్క రెండు చేతులతో కమ్మీ పట్టుకుంది. "టిక్కెట్టు తీసుకున్నాను. దిగను."

దిగలేదు. ఆ కిటికీ ఎదురుగానే పోయింది.

కర్మకాండలయ్యాక ఆసుపత్రి నుంచి పిలుపు వచ్చింది. సూపరింటెండెంటు గదిలో నాకు కుర్చీ వేశారు. తనిఖీలో వరస చెడిందని ఫిర్యాదు చేసిన హెడ్ నర్సు కూర్చుని ఉంది. ఆ నర్సు తలుపు దగ్గర నిలబడి ఉంది.

"మీ బాధ మాకు తెలుసు మాస్టారూ" అన్నాడాయన. "మంచం తిప్పడం వల్ల చికిత్సకు అడ్డమైందని మీరొక మాటంటే చాలు, ఇప్పటికి నిలిపి ఉంచిన ఈ పరిశోధనను పూర్తిగా ఆపేస్తాం."

"ముందు ఆవిడక్కూడా కుర్చీ వేయించండి. తర్వాత మాట్లాడతాను."

వేయించారు.

"మా అక్క పోయింది జబ్బుతో. అది తగ్గదని మీ డాక్టర్లే ముందు చెప్పారు. మంచం తిప్పినందుకు పోయిందని నేననను. తిప్పాక తన భయం తగ్గింది. నా దుఃఖం నాది. మీ తగాదాలో వాడుకోవడానికివ్వను."

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. తెలివైనవాడు, దారి మార్చాడు.

"అంత మేలు జరిగిందంటే మంచిదే. మంచాలన్నీ కిటికీ వైపు తిప్పించి రూలు పెట్టేద్దాం. ఇక రోజూ స్టూలేసుకుని అడిగే పనే ఉండదు."

హెడ్ నర్సు ముఖం వికసించింది. ఎటు తిరిగినా వరస వరసే కదా.

"వద్దు సార్" అంది నర్సు.

"నువ్వు చేసిందే చేస్తామంటే వద్దంటావేం?"

"నేను చేసింది తిప్పడం కాదు సార్, అడగడం. ఎవరికేం కావాలో మీకు తెలీదు. నాకూ తెలీదు."

"నువ్వు అడక్కపోతే కొంపలు మునుగుతాయా?"

"వార్డుకు రండి. ఒక్కరిని అడుగుదాం" అన్నాను నేను.

అందరం వెళ్ళాం. అక్క మంచం మళ్ళీ వరసలో ఉంది. దానిమీద ఒక పెద్దావిడ. ఆ మంచాన్ని నేను అంత త్వరగా చూడగలననుకోలేదు. నర్సు స్టూలు లాగింది.

"మళ్ళీ మొదలుపెట్టడానికి అనుమతి ఇంకా రాలేదు సిస్టర్" అంది హెడ్ నర్సు.

ఆమె కూర్చుంది. "ఈరోజు మీకేం కావాలమ్మా? కిటికీ వైపు తిప్పమంటారా?"

"కిటికీ ఎందుకే తల్లీ, ఎండ కళ్ళలో కొడుతుంది. తలుపు వైపు తిప్పు. మా కోడలొచ్చేది కనబడాలి."

సూపరింటెండెంటు గొంతు మెత్తబడింది. "ఎదురుచూస్తున్నారా పాపం?"

"ఎదురుచూపా నా బొందా! అది గుమ్మంలో కనబడగానే నిద్ర నటించాలి కదా బాబూ. లేకపోతే జావ తాగిస్తుంది."

పక్క మంచంలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు. "సరే, ఆలోచించి చెబుతాం. అంతవరకు ఏదీ కదపొద్దు" అన్నాడు.

నర్సు వంగి చక్రాల బ్రేకు తీసింది. నేను రెండో వైపు పట్టుకున్నాను.

"మాస్టారూ, మీరు బయటివారు" అంది హెడ్ నర్సు.

"అవునండీ" అన్నాను. చెయ్యి తియ్యలేదు.

మంచం బరువుగా ఉంది. వరస నుంచి బయటికొచ్చి దారిలోకి వంకరగా తిరిగింది. సూపరింటెండెంటు సరిగ్గా అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"లోపలికి జరగండి సార్" అన్నాను. "లోపలికి."

ఆయన జరిగాడు.