ఓటమి ఎరుగని జట్టూ, నేనూ

నేను ఒక రోలింగ్ కప్పును. దాచడం ఎందుకు, ఇత్తడిని. పైన వెండి పూత ఉంది కానీ, అది చుట్టాల పెళ్ళికి అరువు తెచ్చుకున్న పట్టుచీర లాంటిది. దూరం నుంచి చూసినంతసేపే దాని మర్యాద.

నన్ను పెంబర్తిలో కొట్టారు. కొట్టినాయన పేరు ఐలాచారి. అప్పటిదాకా గుడి తలుపుల మీద ఇత్తడి రేకులూ, గోపురాల మీదికి కలశాలూ చేసిన చెయ్యి అది. గంగిపేట నుంచి బొల్లం మల్లేశం అనే రైల్వే కాంట్రాక్టరు వచ్చి, మా నాయన పేరు మీద ఫుట్‌బాల్ కప్పు చెయ్యమన్నాడు. ఐలాచారికి కప్పు ఎట్లా ఉంటుందో తెలియదు. కాంట్రాక్టరుకూ తెలియదు. ఇద్దరూ గాలిలో చేతులు తిప్పి ఒక ఒప్పందానికి వచ్చారు. అందుకే నేను నడుము నుంచి కలశాన్ని. దాన్ని కప్పు అనిపించడానికి చివర్లో రెండు చెవులు అతికించారు.

నా పొట్ట మీద 'కీర్తిశేషులు బొల్లం రాజలింగం స్మారక అంతర కళాశాలల ఫుట్‌బాల్ కప్పు' అని చెక్కారు. ఆ రాజలింగం గారు బతికుండగా బొగ్గు డిపో నడిపేవాడు. డిపో ముందు పిల్లలు బంతి ఆడితే కట్టె పట్టుకుని తరిమేవాడు. పోయాక క్రీడాపోషకుడయ్యాడు. పోయినవాళ్ళకు ఇష్టాయిష్టాలు బతికున్నవాళ్ళే నిర్ణయిస్తారు మరి.

రోలింగ్ కప్పు అంటే ఏమిటో తెలియనివాళ్ళకు ఒక మాట. నేను ఎవరి సొత్తూ కాను. ఈ ఏడు గెలిచినవాళ్ళ దగ్గర ఏడాదిపాటు ఉంటాను. పై ఏడు వాళ్ళే పోటీలు పెట్టి నన్ను మైదానంలో బల్ల మీద నిలబెట్టాలి. గెలిస్తే ఉంచుకోవచ్చు, ఓడితే ఇచ్చెయ్యాలి. గంగిపేటలో దీనికొక ఆచారం కూడా పుట్టింది. పోటీలకు ముందు నన్ను బండి మీద పెట్టి, డప్పు కొట్టిస్తూ ఊళ్ళోని కాలేజీ గేట్లన్నిటి ముందూ తిప్పేవారు. ఏ కాలేజీ నా మెడలో దండ వేస్తే ఆ కాలేజీ పోటీలో ఉన్నట్టు. నన్ను తిప్పినవాళ్ళు పోటీ పెట్టి తీరాలి, దండ వేసినవాళ్ళు ఆడి తీరాలి. అటు తర్వాత ఎవరు వెనక్కి తగ్గినా ఊరు వాళ్ళను బజార్లో నడవనివ్వదు.

మొదటి కొన్నేళ్ళు నా బతుకు హాయిగా గడిచింది. ఒక హాస్టల్లో నాలో షర్బత్ కలుపుకుని తాగారు. ఇంకో కాలేజీలో లెక్చరర్లు గొడుగులు నిలబెట్టుకున్నారు. సొట్టలు పడ్డాయి, నిజమే. అయినా ప్రతి ఏడూ ఆటను చూశాను, కొత్త చేతుల్లోకి ఎగిరాను. అంతకన్నా ఒక కప్పుకు కావలసిందేముంది!

తర్వాత త్రికూట డిగ్రీ కళాశాల నన్ను గెలుచుకుంది. గెలుచుకుంది అనే మాట మర్యాదకు వాడుతున్నాను. ఆ ఫైనల్ రోజు వాన. బంతి బురదలో కూరుకుపోయి ఎటూ కదల్లేదు. పొద్దు గూకినా ఎవరూ గోల్ కొట్టలేదు. ఇక లాభం లేదని రిఫరీ నాణెం ఎగరేశాడు. త్రికూట కెప్టెన్ తాటికొండ నరహరి 'బొమ్మ' అన్నాడు, బొమ్మే పడింది. ఆ రోజు బంతి అతని కాలికి తగిలిందో లేదో నాకు అనుమానమే. చేతికి మాత్రం రెండుసార్లు తగిలింది, రెండుసార్లూ ఫౌల్ ఇచ్చారు.

ఆ కళాశాల ఫుట్‌బాల్ చరిత్ర మొత్తం అంతే. మిగతాదంతా రికార్డు.

పై ఏడు పోటీలు పెట్టే సమయానికి అక్కడి పెద్దలకు ఒక జ్ఞానోదయం కలిగింది. ఆడితేనే కదా ఓడేది! ఆ ఏడు మైదానం తడిగా ఉందన్నారు. మరుసటి ఏడు కరువు వచ్చి నేల గట్టిపడింది, పిల్లల మోకాళ్ళు పగులుతాయన్నారు. ఆ తర్వాత ఎన్నికలు, పరీక్షలు, గ్రహణం, చివరికి ప్రహరీ గోడకు సున్నం. ఆడలేక మద్దెల ఓడు అంటారు. వీళ్ళు మద్దెలను ముట్టుకోకుండానే ఓడు అనేశారు.

నరహరి అదే కాలేజీకి కామర్స్ లెక్చరరుగా వచ్చాడు, క్రీడల బాధ్యత తీసుకున్నాడు, చివరికి ప్రిన్సిపాల్ అయ్యాడు. కాలేజీ ప్రాస్పెక్టస్‌లో మొదట 'విజేత' అని ఉండేది. తర్వాత 'వరుస విజేత' అయింది. నా కథ జరిగేనాటికి 'ఇరవై ఆరేళ్ళుగా ఓటమి ఎరుగని జట్టు' అని ఎర్రక్షరాల్లో పడుతోంది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు, దాని అందమే అది. ఇక నాణెం సంగతి క్రమంగా మాయమైంది. దాని స్థానంలో నరహరి సార్ కొట్టిన ఒక గోల్ వచ్చింది. అది పదేళ్ళలో మూడు గోల్స్ అయింది. ఆ మ్యాచ్‌లో విరిగిన మోకాలి గురించి చెబుతూ కాలేజీ వార్షికోత్సవంలో ఆయన కాస్త కుంటేవాడు కూడా. ఒక ఏడు ఎడమ కాలు, ఒక ఏడు కుడి కాలు.

జట్టు లేదనుకునేరు. ప్రతి ఏడూ ఉండేది. కొత్త జెర్సీలు కుట్టించి, నన్ను నడుమ పెట్టి ఫోటో తీసేవారు. వార్షికోత్సవం ముందు రోజు కెప్టెన్ నన్ను బోరింగు దగ్గరికి తీసుకుపోయి చింతపండుతో తోమాలి. ఆ జట్టు ఆడిన ఆట ఏదైనా ఉందంటే అది నాతోనే. పిల్లలు వచ్చే నెలే పోటీలనుకుంటూ మూడేళ్ళు ఉరికి, డిగ్రీ పట్టా పట్టుకుని వెళ్ళిపోయేవారు. గాజు బీరువాలోంచి చూస్తూ ఉండేదాన్ని. సిగ్గేసేది నాకు.

ఇలా వచ్చినవాడే ఇసంపల్లి దయాకర్. తండ్రి రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్. దయాకర్ గోల్‌కీపరు, కెప్టెన్. కాలేజీ మైదానంలో సున్నం గీతలు చెరిగిపోతాయని ఆడనివ్వరు కాబట్టి, రోజూ పొద్దున జట్టును తీసుకుని గూడ్స్ షెడ్డు పక్క ఇసుకలో ఆడేవాడు. 'మూడేళ్ళలో ఒక్క గోల్ కూడా ఇవ్వని గోల్‌కీపరు' అని కాలేజీ పత్రికలో అతని ఫోటో వేశారు. అతను దాన్ని ఎవరికీ చూపించలేదు.

రైల్వేవాళ్ళు ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్ళను ఉద్యోగంలోకి తీసుకుంటారు. దయాకర్ రెండో ఏడు ఆ ఎంపికకు వెళ్ళాడు. ఏ పోటీల్లో ఆడావని అక్కడి సెలక్టరు అడిగితే, మా కాలేజీ ఇరవై అయిదేళ్ళుగా ఓడిపోలేదు సార్ అన్నాడట. ఎవరి మీద అని అడిగాడు ఆయన. అంతర కళాశాలల పోటీలో కనీసం ఒక మ్యాచ్ ఆడినట్టు కాగితం తెస్తేనే గ్రౌండులోకి రానిస్తామని చెప్పి పంపేశారు. వయసు లెక్కన అతనికి ఇంకొక్క ఏడే మిగిలింది. తండ్రికి పట్టాల మీద నడుము పోయింది, ఇంట్లో రెండో సంపాదన లేదు. ఒక్క మ్యాచ్, ఒక్క కాగితం. అతనికి కావలసింది అంతే.

చివరి ఏడు అతను ప్రిన్సిపాల్ గదిలోకి వచ్చి, నా బీరువా పక్కనే నిలబడి అడిగాడు.

"సార్, ఒక్క మ్యాచ్ ఆడిపియ్యండి. ఓడినా ఫరవాలేదు."

"ఓడుడు నీకు ఫరవాలేదు. ఇరవై ఆరేండ్ల పేరు మీ అయ్య తెస్తడా మల్ల?" అన్నాడు నరహరి సార్, ఫైలులోంచి తల ఎత్తకుండానే.

దయాకర్ దండం పెట్టి బయటికి నడిచాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నాణెం పుణ్యాన పెద్దమనిషైనవాడు పట్టాలు మోసినవాడి కొడుకుతో అనవలసిన మాటేనా అది?

వార్షికోత్సవం ముందు రోజు రానే వచ్చింది. దయాకర్ నన్ను బోరింగు దగ్గర శుభ్రంగా తోమాడు. తోమి, తుడిచి, బీరువా వైపు కాకుండా గేటు వైపు నడిచాడు. బయట ట్రాలీ ఆటో, ఇద్దరు డప్పులవాళ్ళు, మిగతా జట్టంతా సిద్ధంగా ఉన్నారు. పట్టపగలు, నడిబజార్లో, ఇరవై ఆరేళ్ళ తర్వాత నేను ఊరేగాను. ఎండ తగిలి నా అరువు వెండి కూడా మెరిసింది. కిరాణా కొట్ల మీద కూర్చున్న ముసలివాళ్ళు లేచి నిలబడ్డారు. ఒకాయనైతే నన్ను గుర్తుపట్టి, ఇది ఇంకా ఉందా అని పక్కవాణ్ణి అడిగాడు.

మొదట స్టేషన్ రోడ్డు కాలేజీ గేటు ముందు ఆగాం. నాణెం దగ్గర ఓడిన కాలేజీ అదే. అక్కడ ఆటలు నేర్పే పీడీ అబ్దుల్ వాజిద్ సార్ అన్నం మధ్యలోంచి లేచి, చెయ్యి కడుక్కోకుండానే వచ్చాడు. మీ సార్‌కు ఇన్నేండ్లకు యాదికొచ్చిందా అని అడిగాడు. వచ్చింది సార్, మీకు సలాం చెప్పమన్నడు అని దయాకర్ నిబ్బరంగా అబద్ధమాడాడు. వాజిద్ సార్ గేటు దగ్గర పూలమ్మే ఆమె బుట్టలోంచి ఒక దండ తీయించి నా మెడలో వేశాడు. ఇక మిగతా కాలేజీలు ఊరుకుంటాయా? త్రికూట గేటుకు తిరిగి వచ్చేసరికి దండల్లో నా మొహం కనపడటం లేదు. వెనకాల సగం ఊరుంది. మెట్ల మీద నరహరి సార్ మింగలేక కక్కలేక నిలబడ్డాడు. ఎవరో ఉత్సాహవంతుడు ఆయన మెడలో కూడా ఒక దండ వేశాడు. ఆచారం ఆచారమే. ఆయన ఊరందరికీ చేతులు జోడించాడు.

ఓటమి ఎరుగని జట్టు మొదటి రౌండులోనే స్టేషన్ రోడ్డు కాలేజీతో ఆడింది. నేను బల్ల మీద నుంచి కళ్ళారా చూశాను. అయ్యో, ఏం చెప్పమంటారు! గూడ్స్ షెడ్డు పక్కన ఆడి ఆడి ఆ పిల్లలకొక అలవాటు పడింది. అక్కడ రైలు గార్డు విజిల్ వేస్తే వ్యాగన్లు కదులుతాయి కాబట్టి, ఆట ఆపి పక్కకు తప్పుకోవాలి. స్టేషనేమో మైదానానికి దగ్గర. అక్కడ గార్డు విజిల్ వేసిన ప్రతిసారీ త్రికూట జట్టంతా బుద్ధిగా ఆగిపోయింది. అవతలివాళ్ళు ఆగలేదు. అట్లా పడినవే మూడు గోల్స్. మొత్తం ఏడు. దయాకర్ పడ్డాడు, లేచాడు, మోచేతులు చీరుకుపోయాయి, ఏడింటికి రెట్టింపు ఆపాడు. మొదటి గోల్ పడ్డప్పుడు వల లోపలి బంతిని కాసేపు అట్లాగే చూశాడు. తర్వాత దాన్ని తీసి, తుడిచి, మధ్యగీత దగ్గరికి తన్నాడు.

పోటీలన్నీ ఆ ఒక్క రోజులోనే ముగిశాయి, చివరికి కప్పు గెలిచింది కూడా స్టేషన్ రోడ్డు కాలేజీయే. బహుమతుల వేళ నరహరి సార్ మైకు పట్టుకున్నాడు. ఇవి కేవలం స్నేహపూర్వక క్రీడోత్సవాలనీ, అసలు పోటీలు కావనీ, కాబట్టి తమ కాలేజీ రికార్డు, దానితోపాటు కప్పు, యథాతథంగా ఉంటాయనీ ప్రకటించాడు. గెలిచినవాళ్ళకు తలా ఒక పూలగుత్తి ఇస్తామన్నాడు. ముందు వరుసలో లెక్చరర్లు చప్పట్లు కొట్టారు. జీతం అక్కడే కదా మరి.

స్నేహపూర్వకమైతే దయాకర్‌కు కాగితం రాదు. అతను మట్టీ చెమటా పట్టిన ఆ జెర్సీతోనే వేదిక ఎక్కి, ప్రిన్సిపాల్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మైకు ఇంకా మోగుతూనే ఉంది.

"ఏడు గోల్స్‌తోని ఓడిపోయినం సార్. ఊరంత చూసింది. ఓడిపోయిన్నని రాసియ్యండి."

గెలిచామని రాయించుకునేవాళ్ళను నేను జీవితమంతా చూశాను. ఆడకుండానే గెలిచామని రాయించుకున్నవాళ్ళ బీరువాలో ఇరవై ఆరేళ్ళు కూర్చున్నాను. ఓడిపోయానని రాసివ్వమని బతిమాలినవాణ్ణి అప్పుడే చూశాను. ఏడవగలిగితే ఏడ్చేదాన్నే.

పరువు తీస్తున్నావని నరహరి సార్ పళ్ళ మధ్య నుంచి అన్నాడు. అదీ మైకులో వినపడింది. దయాకర్ కదల్లేదు. ఇంతలో వాజిద్ సార్ వేదిక ఎక్కి నా కుడి చెవి పట్టుకుని ఎత్తాడు. నరహరి సార్ ఎడమ చెవి పట్టుకున్నాడు. ఒకరు లాగారు, ఇంకొకరు వదల్లేదు. ఐలాచారి అతుకు ఎంత కాలమని ఆగుతుంది? టక్కుమని ఊడింది. నేను వాజిద్ సార్ చంకలోకి వెళ్ళాను, ఎడమ చెవి ప్రిన్సిపాల్ చేతిలో మిగిలింది.

జనం నవ్విన నవ్వుకు ప్లాట్‌ఫారం మీద పావురాలు లేచాయి. చేతిలో తెగిన చెవి పెట్టుకుని స్నేహపూర్వకం అనే మాట ఎవరూ రెండోసారి అనలేరు. నరహరి సార్ తేలు కుట్టిన దొంగలా కూర్చుని, కాగితం మీద పోటీ పేరు, మొదటి రౌండు, ఏడు గోల్స్ తేడాతో ఓటమి అని రాసి సంతకం పెట్టాడు. దయాకర్ దాన్ని నిలబడే చదువుకుని, తడి తగలకుండా ఒక స్నేహితుడి చొక్కా జేబులో పెట్టించాడు.

త్రికూట గాజు బీరువాలో ఇప్పుడు నా ఎడమ చెవి ఉందట. దానికింద అట్టముక్క మీద పేరు కూడా రాశారట. కొత్త ప్రాస్పెక్టస్‌లో 'రాజలింగం స్మారక కప్పులో శాశ్వత భాగం కలిగిన ఏకైక కళాశాల' అని వేశారు. ఇదీ అబద్ధం కాదు.

ప్రస్తుతం నేను స్టేషన్ రోడ్డు కాలేజీ ఆటల గదిలో, గాలి పంపుకూ చిరిగిన వలలకూ మధ్య ఉన్నాను. పై నెలలో మళ్ళీ బండెక్కాలి. మొన్న మధ్యాహ్నం వాజిద్ సార్ రైల్వే ఎంపికలు చూసి వచ్చి, నా పక్కనే కూర్చుని తోటి లెక్చరరుకు చెబుతుంటే విన్నాను. పోయినేడు దయాకర్‌ను వెనక్కి పంపిన సెలక్టరే ఈసారి కూడా కూర్చున్నాడట. దయాకర్ కాగితం ఇచ్చాడట. ఆయన దాన్ని చదివి, అతని మోచేతుల మీది మచ్చలు చూసి, ఏడు గోల్స్ పడేదాకా గోల్‌లో ఉన్నది నువ్వేనా అని అడిగాడట. నేనే సార్, ఆఖరి దాకా ఉన్న అన్నాడట దయాకర్.

"అయితే పో, గోల్‌ల నిలబడు" అన్నాడట ఆయన.