వంతెన మీద మోమో

సలసెయినీ ఫిజీ రాజధాని సువాలో ఒక బట్టల ఫ్యాక్టరీలో స్కూలు యూనిఫారాలు కత్తిరిస్తుంది. క్రిస్మస్‌కు మూసిన ఫ్యాక్టరీని కొత్త సంవత్సరం వచ్చాక గానీ తెరవరు. ఏడాది మొత్తంలో వరసగా తనవి అనుకునే రోజులు ఆమెకు అవే. ఆ రోజుల్లో తోటివాళ్ళు దీవుల్లోని సొంతూళ్ళకు పడవలెక్కుతారు. సలసెయినీ మాత్రం రైవాంగా పేటలో అమ్మమ్మ బూబూతో కలిసి ఉండే రెండు గదుల ఇంట్లో, రేకుల కప్పు మీద వాన దంచుతుంటే, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని ఉప్పుదారి పడుతుంది.

ఉప్పుదారి కంప్యూటర్ ఆట. కూలిపోయిన ఒక రాజ్యం గుండా, మంచులో, ఇద్దరు మనుషులు ఒక కంచు గంటను సముద్రం దాకా మోసుకెళ్ళాలి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. మూడేళ్ళ క్రితం ఆమెతో బయల్దేరినవాడు విసుగొచ్చి బురదనేలలో గంటతో సహా వదిలేసి పోతే, ఎవరో ముసలాయన వచ్చి గంటకు రెండో పక్క చెయ్యేశాడు. గొంతు గరగరలాడుతుంది. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం మనిషి. పేరు అడిగితే, ఆటలో పేర్లెందుకు పిల్లా అన్నాడు. ఆమె ఆయన్ని మోమో అని పిలవడం మొదలుపెట్టింది. వాళ్ళ భాషలో మామయ్య. ఆయనకు ఆ పిలుపు నచ్చినట్టుంది, అప్పట్నుంచీ దానికే పలుకుతున్నాడు.

ఆ క్రిస్మస్ సెలవుల్లో ఆట మళ్ళీ మొదటినుంచీ ఆడాలని ఇద్దరూ ఆరునెలల ముందే అనుకున్నారు. ఈసారి పడవలెక్కకుండా కొండదారిన పోవాలి. ఆ దారిలో ఎవరు పడినా ఇద్దరూ మొదటికి వచ్చేస్తారు. బయల్దేరే ముందు వేషాలకే రెండు మధ్యాహ్నాలు పట్టింది. ఆ ఆటలో బట్టల మీద బొమ్మ మనమే వేసుకోవచ్చు. బట్టతో బతికే మనిషి కనుక సలసెయినీ తన మనిషికి మోకాళ్ళ దాకా వచ్చే కోటు, గవ్వల బొత్తాలు, నడుముకు బూబూ పెట్టెలోని మాసీ అనే చెట్టుబెరడు వస్త్రం మీది గళ్ళు చూసి మరీ గీసిన పట్టీ పెట్టింది. మోమో నూనెగుడ్డ కోటుతో సరిపెట్టుకుని, మఫ్లర్ దగ్గర మాత్రం పట్టుబట్టాడు. మెరూన్, పసుపు చారలుండాలి, కొసన చిన్న గూడబాతు ఉండాలి. ఆమె వేసి చూపిస్తే, ఆ మెరూన్ కాదు, ఇంకా ముదురు అంటూ నాలుగుసార్లు మార్పించాడు. కుర్రతనంలో ఆయన ఆడిన ఫుట్‌బాల్ క్లబ్బు రంగులట అవి.

"ఆ పెట్టెలో ముసలాడితో నీకేం మాటలే?" అని బూబూ రోజూ దెప్పేది. "ఊళ్ళో కుర్రాళ్ళు అయిపోయారా?"

నాలుగో రోజు మధ్యాహ్నానికి వాళ్ళు కొండదారిలో తాళ్ళ వంతెన దాకా వచ్చారు. మోమో ఆ రోజు అంత ఉషారుగా లేడు. అక్కడ క్రిస్మస్ ఎండాకాలంలో వస్తుంది; వేడి మండిపోతోందని, గాలి కూడా ఎక్కువైందని అన్నాడు. గుట్ట అవతల అడవి మంటల పొగ కనిపిస్తోందని అంతకుముందు రోజే చెప్పాడు. సలసెయినీ భయపడితే, మాకిది ప్రతి వేసవిలోనూ ఉండేదే, ముందు నీ కాలికింద చూసుకో అన్నాడు. వంతెన సగం దాటాక బయట ఆయన కుక్క బిస్కట్ ఆగకుండా మొరగడం వినిపించింది.

"ఒక్క నిమిషం ఉండు పిల్లా. చూరు గొట్టంలో ఎండాకులు నిండాయి, నిప్పురవ్వ పడితే అంటుకుంటాయి, తీసేసి వస్తా."

హెడ్‌ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు, తలుపు చప్పుడు వినిపించాయి.

తెర మీద మోమో మనిషి గంట పట్టుకుని వంతెన మధ్యలో నిలబడ్డాడు. ఆట మంచులో మఫ్లర్ ఎగురుతోంది. కాసేపు కదపకపోతే మనుషులు వాళ్ళంతట వాళ్ళే చేతుల్లోకి వెచ్చగా ఊదుకుంటారు, మెడ దగ్గర గుడ్డ సవరించుకుంటారు. అతనూ అలాగే ఊదుకున్నాడు. సవరించుకున్నాడు. మళ్ళీ ఊదుకున్నాడు.

చెవుల్లో దూరంగా ఇనుప నిచ్చెన గోడకు ఆనించిన మోత, ఆకులు గీకుతున్న చప్పుడు వినిపించాయి. ఆ వెనకనుంచి ఇంకేదో మొదలైంది. తుఫాను రాత్రుల్లో రాళ్ళగట్టు మీద సముద్రం చేసే హోరులాంటిది. సలసెయినీ అది తమ వానే అనుకుని హెడ్‌ఫోన్ చెవులకు గట్టిగా అదుముకుంది. వాన కాదు. మరుక్షణం నిచ్చెన ఇనుము జారిన చప్పుడు, ఏదో బరువైనది చెక్కల మీద పడిన చప్పుడు. ఆ తర్వాత కుక్క ఒక్కటే.

"మోమో?" అంది. "మోమో, పడ్డావా?"

హెడ్‌ఫోన్ ఆయన చెవులకు లేదని తెలిసి కూడా అరుస్తూనే ఉంది. రంపపు మిల్లులో పనిచేసి ఆయనకు ఒక చెవి ఎప్పుడో పోయింది. బూబూ వంటింట్లోంచి గరిటె పట్టుకునే వచ్చింది.

ఎవరికి చెప్పాలి? ఆయన పేరు తెలియదు, ఊరు తెలియదు. తెరలోని మనిషి ముఖం కూడా ఆయనది కాదు. ఫోన్లో ఆ దేశపు అత్యవసర నంబరు కొడితే, అది ఆ దేశం బయటనుంచి తగిలేది కాదని తెలిసింది. మంటల పటం తెరిస్తే విక్టోరియా తూర్పు వైపంతా ఎర్రటి మచ్చలే. వాటిలో ఏ మచ్చ కింద మోమో పడి ఉన్నాడో?

ఆట మూసేస్తే ఆ కుక్క అరుపు కూడా పోతుంది కనుక మూయలేదు. బయట వాన పెరిగి కరెంటు ఒకసారి మినుకుమంది.

అప్పుడామె మఫ్లర్ వైపు చూసింది. ముదురు మెరూన్, పసుపు చారలు, గూడబాతు. ఫోన్లో ఆ రంగులు, ఆ పక్షి, ఆ ప్రాంతం పేరు కలిపి వెతికితే మొదట వచ్చినవన్నీ ఏవేవో నగరాల జట్లు. కిందికి, ఇంకా కిందికి పోతే ఒక పాత ఫోటో దొరికింది. వెరింగల్ అనే ఊరు. కుర్రాళ్ళు వరసగా నిలబడ్డారు, ఛాతీ మీద గూడబాతు. పటంలో చూస్తే ఆ ఊరు ఎర్రమచ్చ అంచున ఉంది. క్లబ్బు వాళ్ళు కలుసుకునే బార్ నంబరు ఫోటో కింద ఉంది. రెండుసార్లు తగల్లేదు. మూడోసారి ఎవరో ఆవిడ ఎత్తింది. వెనక ఇంజిన్ల మోత, మనుషుల కేకలు.

"ఆంటీ, నేను ఫిజీ నుంచి మాట్లాడుతున్నా. మీ ఊరాయన ఒకాయన ఇంట్లో పడిపోయాడు. మంటలు దగ్గరికొచ్చేశాయి."

"ఫిజీ నుంచా? చూడమ్మాయ్, మేం ఊరు ఖాళీ చేస్తున్నాం. వేళాకోళాలకు టైం కాదిది. ఎవరాయన?"

"పేరు తెలీదు."

"పేరు తెలీదా?"

ఆవిడ పెట్టేస్తుందేమోనని సలసెయినీ తెలిసినవన్నీ ఊపిరి తీసుకోకుండా గుమ్మరించింది. ముసలాయన, ఒంటరిగా ఉంటాడు, రంపపు మిల్లులో చేశాడు, ఎడమ చెవి వినపడదు, కుక్క పేరు బిస్కట్, ఒకప్పుడు మీ క్లబ్బుకు ఆడాడు.

"డెస్ పాస్కోనా?" అంది ఆవిడ. "డెస్ మొన్ననే బెయిర్న్స్‌డేల్‌లో చెల్లెలింటికి వెళ్ళిపోయాడే. వెళ్తున్నానని నాతోనే చెప్పాడు. అందుకే ఆ గుట్టవైపు ఎవర్నీ పంపలేదు."

"వెళ్ళలేదాంటీ. పొద్దున్నించీ నాతోనే ఉన్నాడు."

"నీతోనా? నువ్వు ఫిజీలో ఉన్నానన్నావు కదే."

"ఆటలో. కంప్యూటర్ ఆటలో. ఆయన మైకు ఇంకా తెరిచే ఉంది. కుక్క అరుస్తోంది, వినండి." హెడ్‌ఫోన్ తీసి ఫోనుకు ఆనించింది.

అవతల ఆవిడ గొంతు ఫోనుకు దూరంగా, ఎవరి మీదో గట్టిగా లేచింది. డెస్ ఇంట్లోనే ఉన్నాట్ట, మంటలార్పే ట్యాంకర్ వెనక్కి తిప్పమను అంటోంది. మళ్ళీ ఫోన్లోకి వచ్చి, తన పేరు గ్వెండా అని, సలసెయినీ నంబరు చెప్పమని అడిగింది. దారి మీద మంట దాటితే లోపలికి పోలేరని, ఆశ పెట్టుకోమని తాను చెప్పనని కూడా అంది.

ఇక వినడం తప్ప చేసేదేమీ లేదు. బూబూ పక్కన చాప మీద కూలబడి, ఆయన పేరేమిటే, పేరు లేకుండా దేవుడికి ఏమని చెప్పను అంది. డెస్మండ్ అయ్యుంటుందని సలసెయినీ చెప్పింది. బూబూ కళ్ళు మూసుకుంది. తెర మీద డెస్మండ్ చేతుల్లోకి ఊదుకుంటున్నాడు.

హోరు పెరిగింది. కుక్క అరుపు మధ్యమధ్య ఆగి, తర్వాత పూర్తిగా ఆగిపోయింది. ఎక్కడో గాజు పగిలింది. సలసెయినీ హెడ్‌ఫోన్ తియ్యలేదు. తీస్తే తాను వదిలేసినట్టే అనిపించింది. ఎంతసేపటికో పొడుగ్గా ఒక లారీ హారన్. బూట్ల చప్పుడు. ఎవరో "డెస్! డెస్!" అని అరిచారు. ఇంకెవరో ఏదో అన్నారు, అది అంతా మంటల మోతలో కలిసిపోయింది. తర్వాత ఏమీ లేదు. గాలి చప్పుడు కూడా లేదు.

వంతెన మీది మనిషి కోటుతో, మఫ్లర్‌తో సహా మాయమయ్యాడు. గంట ఒరిగిపోయి లోయలో పడింది. మీ తోడు దారి విడిచాడు అని తెర మీద అక్షరాలు వచ్చాయి.

దొరికాడా? దొరకలేదా? బతికి ఉండగా దొరికాడా? గ్వెండా నంబరు ఇక తగల్లేదు. ఆ సాయంత్రం బూబూ కర్రపెండలం ఉడకబెట్టి, కొబ్బరిపాలలో చేమాకు వండి ముందు పెడితే ముద్ద దిగలేదు. ఫోను పక్కనే పెట్టుకుని పడుకుంది గానీ, కళ్ళు మూస్తే ఊదుకుంటున్న ఆ చేతులే కనిపించేవి.

మర్నాడు పొద్దెక్కాక గ్వెండా చేసింది. నిచ్చెన మీదనుంచి పడి డెస్‌కు తుంటి విరిగింది. తడి దుప్పట్లు కప్పి ట్యాంకర్‌లో వేసుకుని, రెండు పక్కలా చెట్లు మండుతుంటే బయటపడ్డారు. కాసేపటికే ఇల్లు పోయింది. కుక్క బండిలోంచి దూకేసింది, దొరకలేదు. ఇదంతా చెప్పి, "నువ్వు ఫోను చెయ్యకపోతే మేమంతా అతను చెల్లెలి దగ్గర టీ తాగుతున్నాడనే అనుకునేవాళ్ళం అమ్మాయ్" అంది. ఆ మాట సలసెయినీకి ఊరటగా తగల్లేదు. వంతెన మీద తాను విసుగొచ్చి, సరే రేపు ఆడదామని ఆట మూసేసి ఉంటే? అంతకుముందు అలా ఎన్నిసార్లు మూసెయ్యలేదు?

ఫ్యాక్టరీ తెరిచిన వారానికి మెల్‌బోర్న్ ఆసుపత్రి నుంచి మోమో ఫోను చేశాడు. ఆమె కత్తెర పక్కన పెట్టి మెట్ల మీదికి పరిగెత్తింది. గొంతు ఇంకా గరగరగా, పొగ మింగినట్టు ఉంది. ముందు కుక్క గురించి చెప్పాడు. తర్వాత, తుంటి కుదిరాక చెల్లెలి దగ్గరుంటానని, అక్కడ నెట్ పెట్టించుకుని, పాత కంప్యూటర్ ఏదైనా దొరికితే ఈస్టర్ సెలవులకు మళ్ళీ మొదటినుంచీ నడుద్దామని అన్నాడు. ఈసారి పడవలెక్కుదాం, కొండదారి మనకు అచ్చిరాలేదు అన్నాడు.

సలసెయినీ అడగకూడదనుకున్నది అడిగేసింది. "వెళ్ళిపోయానని వాళ్ళతో అబద్ధం ఎందుకు చెప్పావ్?"

"ఊరికే వెంటపడుతుంటే."

"మీ చెల్లెలింట్లో నెట్ లేదని నాతో ఒకసారి అన్నావు. అందుకేనా ఉండిపోయావ్? ఆట కోసమేనా?"

ఫోనులో ఆసుపత్రి చప్పుళ్ళు వినిపించాయి. ఆయన మాత్రం మాట్లాడలేదు.

"మోమో, మాట్లాడు. ఆగిపోకు."

"ఉన్నా పిల్లా, ఉన్నా. ఇల్లు కూడా చూసుకోవాలి కదా."

అది నిజమో, తనను నొప్పించకూడదని అన్నదో ఆమెకు తెలియలేదు, ఇక అడగనూ లేదు. చెల్లెలి నంబరు చెప్పమంది. ఎందుకన్నాడు. చెప్తే గానీ ఆడనంది. గొణుక్కుంటూ చెప్పాడు.

ఆయన ఫోను పెట్టగానే, ఈసారైనా నిజమే చెప్పాడో లేదోనని, మెట్ల మీదే నిలబడి ఆ నంబరు కొట్టింది. రెండుసార్లు మోగాక ఒకావిడ ఎత్తి, ఈవాన్ మాట్లాడుతున్నా, ఎవరు అని అడిగింది. తానెవరో ఎలా చెప్పాలో సలసెయినీకి తెలియలేదు. సువా నుంచి అని మాత్రం అంది.

"ఫోను చేసిన పిల్లవా?" అంది ఈవాన్. కాసేపు ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "అన్నయ్య మాకేమీ చెప్పడమ్మా. ఒంట్లో బాగోకపోయినా చెప్పడు. నీకేమైనా చెబితే నాకో మాట చెప్పు."

చెప్తానంది సలసెయినీ. మీరూ నాకు చెప్పండి అంది. లోపల సూపర్‌వైజర్ ఆమె పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఆమె ఇంకాసేపు మెట్ల మీదే ఉండిపోయి, ఆయన వాడే మందుల పేర్లు ఒక్కొక్కటే ఈవాన్ చేత చెప్పించుకుంది.